బల్ల కిందికి వంగి చూడండి

వానాకాలం వస్తే పాత ఇళ్లలో తలుపులు బిగుసుకుపోతాయి. మే నెలలో వేలితో నెడితే మూసుకున్న తలుపు ఆగస్టులో భుజం ఆనించి తోస్తేగానీ కదలదు. వడ్రంగిని పిలిస్తే చిత్రిక పట్టి అంచు తీసేస్తాడు. మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి అదే అంచు దగ్గర వెలుతురు కనిపించేంత సందు. ఇది అందరికీ తెలిసిన తంతే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోరు.

అదే ఇంట్లో ఏప్రిల్ నెలాఖరున ఓ మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ 'టప్'మని, నడిమధ్యన పొడుగునా గీత విడిస్తే మాత్రం గొడవ మొదలవుతుంది. "అది టేకు కాదు, ఏదో నాసిరకం కర్ర అంటగట్టాడు" అని ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేస్తారు. చిత్రమేమిటంటే, వానలు పడ్డాక ఆ గీత సన్నబడుతుంది. ఒక్కోసారి కనిపించకుండానే పోతుంది. నాసిరకం కర్రకు ఈ విద్య ఎక్కడిది?

ఆ బల్ల మేలిమి టేకే అయి ఉండొచ్చు. తలుపును బిగించిన తేమే, తాను తప్పుకున్నప్పుడు బల్లను చీల్చింది. షోరూంలో మనం నునుపు చూస్తాం, రంగు చూస్తాం, వేలి కణుపుతో కొట్టి చూస్తాం. అంతా పైపైనే. బల్ల పదేళ్లు నిలుస్తుందా, రెండు వేసవులకే నోరు తెరుస్తుందా అన్నది చెప్పే ఆనవాళ్లు చాలావరకు కింద ఉంటాయి.

మాను కూలినా తేమ మానదు

పచ్చి మానులో నీరు రెండు చోట్ల ఉంటుంది. కర్రంతా సన్నని గొట్టాల్లాంటి కణాలే. ఆ గొట్టాల బోలులో నిలిచిన నీరు మొదట ఆరిపోతుంది. అది పోతే బరువు తగ్గుతుంది తప్ప కొలతల్లో మార్పుండదు. రెండోది గొట్టాల గోడల్లోనే ఇంకి ఉన్న నీరు. ఎండు కర్ర బరువుతో పోలిస్తే తేమ దాదాపు 30 శాతానికి దిగాక ఈ గోడల వంతు వస్తుంది. కర్ర ముడుచుకోవడం మొదలయ్యేది అప్పుడే.

ఆ గోడలు కట్టింది సెల్యులోజ్ పోగులతో. అవి దాదాపుగా మాను పొడవునే సాగి ఉంటాయి. నీటి అణువులు వాటి మధ్య దూరి పక్కలకు నెడతాయి. పోగును పొడవునా సాగదీయడం వాటివల్ల కాదు. వరిగడ్డి మోపు వానలో తడిస్తే లావెక్కి కట్టు బిగుస్తుంది, గడ్డి పొడవు మాత్రం పెరగదు. కర్ర సంగతీ అంతే. ఆరడుగుల పలక వెడల్పులో ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. పొడవులో వచ్చే తేడా కంటికి ఆనదు.

వెడల్పులోనూ అన్ని పలకలూ ఒకేలా కదలవు. మానును అడ్డంగా కోస్తే వలయాలు కనిపిస్తాయి కదా, ఆ వలయాల వెంట వచ్చే మార్పు ఎక్కువ, మాను నడిబొడ్డు నుంచి బెరడు వైపు వచ్చే మార్పు తక్కువ. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంట సుమారు 5.8 శాతం, అడ్డంగా 2.5 శాతం ముడుచుకుంటుంది. చాలా కలపలతో పోలిస్తే ఇవి చిన్న అంకెలు. టేకుకున్న పేరు ఒక్క అందం వల్ల వచ్చింది కాదు. ఈ రెండింటి మధ్య తేడా వల్లే కొన్ని పలకలు దోనెలా వంపు తిరుగుతాయి. ఎండుతున్నకొద్దీ వలయాలు తిన్నబడాలని చూస్తాయి, పలక అంచులు బెరడు వైపుకు లేస్తాయి.

అసలు మెలిక ఏమిటంటే, ఇదంతా ఒక్కసారితో ముగిసే వ్యవహారం కాదు. గాలిలో తేమ పెరిగితే ఎండిన కర్ర మళ్లీ పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. బల్లగా మారాక కూడా, పాలిష్ వేశాక కూడా, యాభై ఏళ్లయ్యాక కూడా.

[బాక్స్] ఓ హైదరాబాదు బల్ల లెక్క

మే మధ్యాహ్నాల్లో హైదరాబాదు గాలిలో తేమ 30 శాతానికి అటూ ఇటూగా పడిపోతుంది. ఆగస్టులో 80 దాటే రోజులు మామూలే. కర్ర ఈ మార్పును వెంటనే కాక వారాల తరబడి నెమ్మదిగా అనుసరిస్తుంది. పాలిష్ దాన్ని ఇంకాస్త ఆలస్యం చేస్తుంది. అన్నీ పోనిచ్చి, వేసవికీ వానాకాలానికీ మధ్య కర్రలోని తేమ 5 శాతం మారిందనుకుందాం. 90 సెంటీమీటర్ల వెడల్పున్న టేకు బల్ల, పలకలు కోసిన తీరును బట్టి, 4 నుంచి 9 మిల్లీమీటర్ల దాకా పెరిగి తగ్గుతుంది. 180 సెంటీమీటర్ల పొడవులో వచ్చే తేడా అర మిల్లీమీటరు దరిదాపుల్లోనే. అడుగు వెడల్పు పలకకైతే మొత్తం మార్పు 3 మిల్లీమీటర్లు మించదు. మన భోజనాల పీటలు ఎప్పుడూ ఈ గొడవ లేకుండా బతికేయడానికి ఇదో కారణం.

బిగించి కొడితేనే పగులు

9 మిల్లీమీటర్లు కదిలితే కదలనీ, దానివల్ల నష్టమేముంది? కదలనిస్తే ఏమీ లేదు. కదలనివ్వకపోతేనే ముప్పు.

పొడవాటి పలకలను అంచుకు అంచు అతికించి బల్ల పైభాగం చేస్తారు. కింద కాళ్లను కలుపుతూ చట్టం ఉంటుంది. ఆ చట్టంలో కొన్ని కర్రలు బల్ల వెడల్పు దిశలో పడుకుని ఉంటాయి. పైపలక ఆ దిశలో ముడుచుకోవాలనుకుంటుంది. కింది కర్రకు అది పొడవు దిశ, కాబట్టి అది ససేమిరా కదలదు. రెంటినీ జిగురు పూసి స్క్రూలు బిగించేస్తే వేసవిలో లాగులాట మొదలవుతుంది. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ విడిపోతుంది. అతుకు దగ్గరో, నడి పలకలోనో. ఆ 'టప్' శబ్దం అదే.

ఈ లాగుడు బలాన్ని తక్కువ అంచనా వేయకూడదు. పూర్వం రాతిని చీల్చడానికి వరసగా బెజ్జాలు తొలిచి, ఎండు కర్ర మేకులు దిగ్గొట్టి, వాటిమీద నీళ్లు పోసేవారు. ఉబ్బే కర్ర బండనే చీల్చగలిగితే నాలుగు స్క్రూలు ఏపాటి?

పనితనం తెలిసినవాడు కర్రతో పోట్లాడడు, దారి వదులుతాడు. స్క్రూ దిగే బెజ్జాన్ని గుండ్రంగా కాకుండా కోలగా తొలుస్తాడు, పైపలక జరిగితే స్క్రూ కూడా దానితోపాటు జరుగుతుంది. లేదా చట్టం లోపలివైపు గాడి తీసి, అందులో నాలుక దూరే చిన్న చెక్క ముక్కలను పైపలకకు బిగిస్తాడు. పలక కిందికి పట్టి ఉంటుంది, పక్కకు జారగలుగుతుంది. ఇప్పుడు ఇదే పని చేసే మడత ఇనుప క్లిప్పులు కూడా వచ్చాయి. మన పాత తలుపులు చేసినవాళ్లకు ఇది కొత్త కాదు. చట్టం మధ్యలోని పలకను గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చోబెట్టేవారు. వానాకాలంలో రంగు వేసిన తలుపును వేసవిలో చూడండి, పలక అంచున రంగు అంటని సన్నని చార బయటపడుతుంది. పలక లోపలికి ముడుచుకుందని అర్థం. అయినా తలుపు పగలలేదు.

కాబట్టి షోరూంలో మొహమాటపడకుండా బల్ల కిందికి వంగి, ఫోన్ టార్చి వేసి చూడండి. పైపలకను చట్టానికి ఎలా పట్టించారు? కోల బెజ్జాలో, జారే ముక్కలో, క్లిప్పులో ఉన్నాయా? చుట్టూ జిగురు కారి గడ్డకట్టి ఉంటే ఆ బల్లకు మీ ఊరి ఎండాకాలం పరీక్ష పెడుతుంది.

ఇంకొకటి కూడా కిందే తెలుస్తుంది. పైన అద్దంలా పాలిష్ పెట్టి, అడుగున పచ్చిగా వదిలేస్తారు చాలామంది. ఎవరు చూడొచ్చారని. కానీ గాలి చూస్తుంది. కింద వేగంగా, పైన నెమ్మదిగా తేమ మారితే ఒక ముఖం ముడుచుకుని ఇంకొకటి ముడుచుకోక బల్ల వంగుతుంది. కింద మెరుపు అక్కర్లేదు, కనీసం పైన ఎన్ని పూతలో కిందా దాదాపు అన్ని ఉంటే చాలు.

ఇప్పటికే గీత విడిచిన బల్ల ఉందా? మే నెలలో రంపపు పొట్టూ ఫెవికాలూ కలిపి ఆ సందులో కూరకండి. ఆగస్టులో కర్ర ఉబ్బి, ఆ సందు మూసుకోవాలని చూస్తుంది. మధ్యలో రాయిలా గట్టిపడిన ముద్ద అడ్డుపడితే మరోచోట ఒత్తిడి పడుతుంది. ముందు కింద బిగించిన స్క్రూలను వదులు చేయించి, ఒక ఏడాది చక్రం తిరగనివ్వడం నయం.

విశాఖ నుంచి హైదరాబాదుకు, అక్కడినుంచి షికాగోకు

సముద్రపు గాలికి అలవాటుపడ్డ విశాఖ బల్లను హైదరాబాదు ఫ్లాటుకు తెచ్చి, ఏసీ కింద వేస్తే ఏమవుతుందో ఇప్పుడు ఊహించుకోవచ్చు. ఏసీ గదిని చల్లబరచడంతోపాటు గాలిలోని తేమను నీళ్లుగా పిండి బయటికి పంపేస్తుంది. అంతకన్నా కఠినమైన పరీక్ష అమెరికాలో ఉంది. అమ్మ వాళ్లింటి టేకు బల్లను కంటైనరులో షికాగోకో మినియాపొలిస్‌కో తెప్పించుకునే తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడి చలికాలంలో బయటి గడ్డకట్టిన గాలిని లోపలికి తీసుకుని వేడిచేస్తే, గదిలో తేమ 20 శాతం ఛాయలకు దిగగలదు. ఇక్కడి మే నెలకన్నా పొడి అన్నమాట. గదిలో తేమను పెంచే చిన్న యంత్రం పెట్టుకోవడం అక్కడ మనుషుల గొంతుకే కాదు, బల్లకూ మేలు.

వడ్రంగితో చేయించుకునేవాళ్లు కలప డిపోలో సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) ధర బేరమాడతారు గానీ తేమ ఎంతో అడగరు. రెండు సూదులున్న చిన్న తేమ మీటరు దొరుకుతుంది. తడి కర్రలో కరెంటు సులువుగా పారుతుంది, పొడి కర్రలో పారదు, ఆ తేడానే మీటరు శాతంగా చూపిస్తుంది. 8 నుంచి 12 మధ్య ఉంటే బల్లకు సిద్ధం. 18, 20 చూపిస్తే, ఎంత మంచి చేవ అయినా ఆ కర్ర ఇంకా ఎండాల్సి ఉంది. నీడన గాలికి ఆరబెట్టడమైతే అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. బట్టీలో ఆరబెడితే వారాల్లో అయిపోతుంది.

"పాత ఇంటి దూలాల టేకండీ, ఇక చచ్చినా కదలదు" అంటారు పాత కలప వ్యాపారులు. సగం నిజం. వందేళ్ల దూలం ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది, కొత్తగా వంపు తిరిగే భయం తక్కువ. కానీ రుతువులతోపాటు పెరగడం, తగ్గడం మాత్రం దానికీ తప్పదు. పాత టేకు కొనడానికి అసలు కారణం వేరే. పెద్ద వయసు మానుల్లో చేవ ఎక్కువ. చెదలను దూరంగా ఉంచే సహజ రసాయనాలు ఉండేది ఆ చేవలోనే, చుట్టూ ఉండే తెల్ల చెక్కలో కాదు. టేకు అని చెప్పి అమ్మే బల్లలో లేత రంగు పట్టీలు కనిపిస్తే అది టేకు కాదని కాదు, చెదలు వదిలిపెట్టని టేకు.

ప్లైవుడ్, ఎండీఎఫ్: కదలనివి, కానీ

కర్ర కదలికకు ప్లైవుడ్ తెలివైన జవాబు. పల్చటి పొరలను ఒకదానిమీద ఒకటి, పోగుల దిశ అడ్డంగా మారేలా అతికిస్తారు. ఒక పొర వెడల్పులో ఉబ్బబోతే, దానికి అడ్డంగా ఉన్న పక్క పొర తన పొడవు బలంతో ఆపుతుంది. రెండు ముఖాలూ సమానంగా ఉండాలని పొరల సంఖ్య బేసిగా ఉంచుతారు. మీద సన్‌మైకా అతికిస్తే కిందా ఏదో ఒక షీటు అతికించాలి, లేకపోతే పాలిష్ కథే మళ్లీ.

ఎండీఎఫ్ వేరే జాతి. కర్రను నారగా చేసి, జిగురు కలిపి, వేడిమీద గట్టిగా అదిమి చేసిన పలక అది. ఏ దిశా లేదు కాబట్టి పగుళ్లు రావు, నునుపు బ్రహ్మాండం. బలహీనత ఆ అదమడంలోనే ఉంది. నారను నొక్కిపెట్టి ఉంచింది జిగురు. నీరు లోపలికి చేరితే నొక్కుడు సడలి నార పైకి లేస్తుంది. ఆరాక తిరిగి వెనక్కి అణగదు. కర్ర ఉబ్బు రుతువుతో పోతుంది, ఎండీఎఫ్ ఉబ్బు ఉండిపోతుంది. రంపపు పొట్టుతో చేసే పార్టికల్ బోర్డు ఇంకా సున్నితం.

మన ఇళ్లలో రోజూ తడిగుడ్డతో నేల తుడుస్తారు. తిన్న ప్రతిసారీ బల్లను తడిపి తుడుస్తారు. ఎండీఎఫ్ బల్లల ఆయువు మధ్యలో కాక అంచుల్లో, కాళ్ల అడుగున తీరిపోవడం అందుకే. కొనేటట్టయితే కాళ్లు లోహానివో గట్టి కర్రవో ఉన్నది ఎంచుకోండి. అంచు పట్టీ ఎక్కడైనా లేచి ఉందేమో గోటితో తడిమి చూడండి. కింద బెజ్జాలు తొలిచిన చోట పూత లేని గోధుమరంగు పొడి కనిపిస్తే అదే నీటికి గుమ్మం.

సాంబారు గిన్నె వేసిన తెల్ల వలయం

పొయ్యి మీంచి దించిన గిన్నెను బల్లమీద పెట్టి తీస్తే పొగమంచులాంటి తెల్లని వలయం మిగులుతుంది. కాలిన మచ్చ అనుకుంటారు. కాదు. లక్కను స్పిరిట్‌లో కరిగించి పూసే పాత పద్ధతి పాలిష్ 80 డిగ్రీలకు చేరకముందే మెత్తబడుతుంది. గిన్నె అడుగున చిక్కిన ఆవిరి ఆ మెత్తటి పొరలోకి దూరి, చల్లబడ్డాక సూక్ష్మమైన బిందువులుగా ఇరుక్కుపోతుంది. అవి వెలుతురును చెదరగొడతాయి, మనకు తెల్లగా కనిపిస్తుంది. అంటే మచ్చ పూతలోనే ఉంది, కర్రలో లేదు. మళ్లీ పాలిష్ పెడితే పోతుంది. నల్ల మచ్చ అయితే అలా కాదు. నీరు పూత దాటి కర్రలోకి దిగిందని, బహుశా తడి ఇనుప పాత్ర తుప్పు కర్రలోని టానిన్లతో కలిసిందని అర్థం.

పీయూ (పాలీయురేథేన్) పాలిష్ గట్టిపడేటప్పుడు దాని అణువులు వలలా అల్లుకుపోతాయి. ఆ వల వేడికి కరగదు, స్పిరిట్‌కు లొంగదు. రోజూ వేడివేడి గిన్నెలు దించే ఇంటికి ఇదే సరి. కాకపోతే గీతలు పడితే అక్కడికక్కడ సరిచేయడం కష్టం, లక్క పాలిష్‌కు ఆ సుఖం ఉంది.

పసుపు మరక గురించి ఒక్క మాట. పసుపులోని రంగు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే పులిహోర మరకకు ఉత్త నీళ్లు చాలవు. సబ్బు క్షారం తగిలితే ఎర్రబడి భయపెడుతుంది కూడా. కానీ ఎండ పొడకు ఆ రంగు విరిగిపోతుంది. కిటికీ పక్కన ఉన్న తెల్ల బల్లమీది పసుపు మరక కొన్నాళ్లకు తానే వెలిసిపోతుంది.

రాయి, గాజు

రాతి బల్లల్లో అడగాల్సింది ఒక్కటే: అది సున్నపురాయి జాతిదా, కాదా? పాలరాయి, కడప నల్లరాయి, తాండూరు బండ, బేతంచెర్ల రాయి, ఇవన్నీ ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే కరుగుతాయి. నిమ్మచెక్క పెట్టిన చోట మెరుపు పోయి మసక మచ్చ పడుతుంది. అది మరక కాదు, రాయి తినుకుపోయిన గుంట. ఏ పౌడరు రుద్దినా రాదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. చింతపండు పులుసు, పెరుగు, ఆవకాయ లేని తెలుగు భోజనం ఎక్కడుంది? మనకు గ్రానైటే మేలు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ప్రపంచానికి వెళ్లే బ్లాక్ గెలాక్సీని భూగర్భ శాస్త్రం గ్రానైట్ అనదు, గ్రానైట్ అన్నది దానికి వ్యాపారం పెట్టిన పేరు. అయినా పులుపును తట్టుకునే ఖనిజాలే దానిలో ఉన్నవి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం పలక దాదాపు 80 కిలోలు తూగుతుంది. దాన్ని మోసే చట్టం సంగతి ముందు చూసుకోవాలి.

గాజు బల్లకు టఫెన్డ్ గాజు తప్పనిసరి. గాజును 600 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, రెండు వైపులా చల్లగాలి ఊదుతారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం తర్వాత చల్లారుతూ ముడుచుకుని పైపొరను లోపలికి లాగి పట్టుకుంటుంది. అలా బిగిసి ఉన్న పైపొరలో పగులు మొదలవడం కష్టం. మామూలు గాజుకన్నా నాలుగైదు రెట్లు బలం. పగిలితే కత్తుల్లాంటి ముక్కలు కాకుండా గింజల్లా రాలుతుంది. దీని ప్రాణమంతా అంచుల్లో ఉంటుంది. మధ్యలో గిన్నె పడినా ఓర్చుకునేది, మూలలో పెచ్చు లేస్తే ఎప్పుడో ఒకనాడు ఒక్కసారిగా పేలిపోగలదు. మూల చిట్లిన గాజును ఎంత తక్కువకిచ్చినా వద్దు.

[బాక్స్] ఊగే బల్లకు కాగితం మడత అక్కర్లేదా?

మూడు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేలమీద కూడా ఊగదు. ఎందుకంటే ఏ మూడు బిందువులైనా ఒకే తలంలో ఉంటాయి. నాలుగో కాలు వచ్చాకే తంటా. దీనికి గణితంలో ఒక అందమైన జవాబుంది. కాళ్లు సమానంగా ఉన్న చదరపు బల్లను, మెట్లు లేని నునుపు నేలమీద, పావు చుట్టు తిప్పేలోగా ఎక్కడో ఒకచోట నాలుగు కాళ్లూ తప్పక ఆనుతాయి. తిప్పడం మొదలుపెట్టినప్పుడు గాల్లో ఉన్న కాలు, పావు చుట్టు అయ్యేసరికి నేలలోకి దిగాల్సిన స్థితికి వస్తుంది, మధ్యలో నేలను తాకకుండా అలా మారడం కుదరదు. సెర్న్‌లో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త ఆంద్రె మార్టిన్ 2005లో, నేల వాలు మరీ ఎక్కువ కానంతవరకు ఇది నిజమని నిరూపించారు. బల్ల ఊగదని హామీ ఉంది, సమతలంగా ఉంటుందని లేదు. మన టైల్స్ నేలల్లో ఒక టైల్ అంచు పక్కదానికన్నా ఎత్తుగా లేస్తే అది మెట్టే కాబట్టి సిద్ధాంతం చేతులెత్తేస్తుంది. అప్పుడు కాలి అడుగున తిప్పే మర ఉన్న బల్లే దిక్కు.

కూర్చుని చూడాలి

కొలతల్లో సైన్సుకన్నా అలవాటు ముఖ్యం. మనిషికి రెండడుగుల అంచు కావాలి, కుర్చీ వెనక్కి జరుపుకోవడానికి గోడకూ బల్లకూ మధ్య మూడడుగులు వదలాలి. నాలుగడుగుల గుండ్రటి బల్ల చుట్టుకొలత పన్నెండున్నర అడుగులు, ఆరుగురికి సర్దుబాటు అవుతుంది. చిన్న ఫ్లాటులో పొడవాటి బల్లకన్నా ఇదే నా ఓటు, గిన్నెలన్నీ అందరికీ సమాన దూరంలో ఉంటాయి.

బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు, కుర్చీ ఎత్తు 45 ఉండటం మామూలు. ఈ 30 సెంటీమీటర్ల తేడాలోనే బల్ల మందం, దాని కింద చట్టం లోతు, మీ తొడలు అన్నీ పట్టాలి. చట్టం ఎంత లోతుగా ఉంటే కాళ్లు అంత గట్టిగా నిలుస్తాయి, మోకాళ్లకు అంత చోటు తగ్గుతుంది. పాశ్చాత్య కొలతలు కాళ్లు కిందకు వేలాడేసి కూర్చునేవాళ్లవి. మనలో చాలామందికి కుర్చీలో ఒక కాలు మడిచి పైన పెట్టుకోనిదే ముద్ద దిగదు. కాబట్టి దుకాణంలో టేపు పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని, ఇంట్లో కూర్చున్నట్టే కూర్చోండి. సేల్స్‌మన్ నవ్వితే నవ్వనివ్వండి. మోకాలు చట్టానికి కొట్టుకుంటే పక్క బల్లకు వెళ్లండి.